ఆపరేషన్ అయ్యాక ఆ పెద్దవాళ్ళు ఎవరి పేషెంట్లు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుతాను. మా ఊరు ఒడిశాలో ఉన్నా పొద్దున్నే మా షాపులో పడేది మీ పేపరే, శ్రీకాకుళం ఎడిషన్. ఆరోగ్యం పేజీ కూడా వదలకుండా చదివేవాణ్ణి కాబట్టి ఒక మాట సూటిగా చెబుతున్నాను, ఏమనుకోకండి. మీరు ఆపరేషన్ దాకా రాస్తారు. ఎనభై ఏళ్ళ వృద్ధురాలికి అరుదైన శస్త్రచికిత్స, డాక్టర్లను అభినందించిన కుటుంబ సభ్యులు, పక్కన ఒక ఫొటో, అంతే. ఆ వృద్ధురాలు నెల తర్వాత లేచి తన పనులు తాను చేసుకుంటోందా, మంచం పట్టిందా, అసలు ఉందా పోయిందా అన్నది ఏ పేపరూ రాయదు. మాకు అసలు కష్టం మొదలయ్యేది అక్కడి నుంచే.

నేను చెప్పేది కడుపుకు ఉన్నట్టుండి చేయాల్సి వచ్చే పెద్ద ఆపరేషన్ల గురించి. డేట్ తీసుకుని, షుగర్ కంట్రోల్లో పెట్టుకుని, రక్తం ఎక్కించుకుని వెళ్ళి చేయించుకునేది వేరు. అర్ధరాత్రి కడుపు చెక్కలా బిగుసుకుపోయి, 108లోనో ఎవరి బొలెరోలోనో పడుకోబెట్టి తీసుకెళ్ళి, తెల్లారేలోపు పొట్ట కోయించడం వేరు. అల్సర్‌కు చిల్లు పడుతుంది, పేగు మెలిపడుతుంది, ఎప్పుడో చేయించుకున్న ఆపరేషన్ వల్ల లోపలి పొరలు అతుక్కుని పేగును బిగించేస్తాయి, ఏళ్ళ తరబడి "ఏం చేస్తుందిలే" అని వదిలేసిన హెర్నియాలో పేగు ఇరుక్కుని నల్లబడిపోతుంది, పెద్దపేగులో గడ్డ అడ్డం పడుతుంది. ఆడవాళ్ళకు తొడ మొదట్లో వచ్చే చిన్న హెర్నియా మరీ మోసం, చీర మాటున అది ఎవరికీ కనిపించదు, సిగ్గుపడి వాళ్ళూ చెప్పరు, వాంతులు మొదలయ్యాక డాక్టరు చూస్తే గానీ బయటపడదు.

పెద్ద వయసులో ఇంకో చిక్కు ఉంది. పాతికేళ్ళ కుర్రాడికి పేగుకు చిల్లు పడితే మెలికలు తిరిగిపోతాడు, కడుపు మీద చెయ్యి వేయనివ్వడు, ఒళ్ళు కాలిపోతుంది. డెబ్బై అయిదేళ్ళ మనిషికి అదే జరిగితే జ్వరం రాకపోవచ్చు, రక్త పరీక్షలో తెల్లకణాలు మామూలుగానే ఉండొచ్చు. కాస్త నొప్పిగా ఉందమ్మా అని ముడుచుకుని పడుకుంటారు, అన్నం వద్దంటారు, మాట కొంచెం తడబడుతుంది, అంతే. ఇంట్లో వాళ్ళు గ్యాస్ అనుకుంటారు. మా కౌంటర్ దగ్గరికి వచ్చి "గ్యాస్‌కి ఏదైనా ఇవ్వండి" అని అడిగేవాళ్ళలో ఎవరి కడుపు ఉబ్బింది, ఎవరికి పచ్చని వాంతులు అవుతున్నాయి, ఎవరికి నిన్నటి నుంచి గాలి కూడా పోవడం లేదు అని అడిగి తెలుసుకోవాల్సిందే. ఆ మూడింట్లో ఒక్కటి ఉన్నా టాబ్లెట్ కాదు కావాల్సింది, ఎక్స్‌రే, ఒక సర్జన్. డెన్మార్క్‌లో అల్సర్‌కు చిల్లు పడిన రోగుల లెక్కలు తీస్తే, ఆస్పత్రిలో చేరాక ఆపరేషన్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం 2 శాతానికి పైగా తగ్గుతూ పోయింది. అది ఆస్పత్రిలో చేరాక గడిచిన గంటల లెక్క. మన దగ్గర చేరడానికే ఒక రోజు పోతుంది, ముందు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్, తర్వాత ఇంకో ఆర్‌ఎంపీ, తర్వాత అల్లుడు వచ్చేదాకా ఎదురుచూపు.

మా ప్రాంతంలో ఈ చిల్లులు పడడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడతారు, అదీ సగం సార్లు ఖాళీ కడుపున. వాటికి తోడు పొగాకు. శ్రీకాకుళం వైపు, మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళలో అడ్డపొగ, అంటే నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట కాల్చే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కడుపుకూ అదే చేటు, ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులకూ అదే చేటు. ఉద్దానం వైపు నుంచి మా షాపుకు వచ్చేవాళ్ళయితే అసలే కిడ్నీల భయంలో ఉన్నవాళ్ళు, ఆ నొప్పి మాత్రలు అటు కిడ్నీని, ఇటు కడుపు పొరను రెండింటినీ తింటాయి. చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క షాపుకు వెళ్తారు, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

ఇక మా భూగోళం సంగతి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. నడిచి వెళ్ళేంత దూరంలో రెండు రాష్ట్రాలు. పర్లాకిమిడిలో జిల్లా ఆస్పత్రి ఉంది, అక్కడ కుదరని కేసు బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్ళాలి. మా ఊరి రాజు కృష్ణచంద్ర గజపతి పేరే ఆ కాలేజీకి పెట్టారు, పేరు మాదైనా దారి మాత్రం దూరం. అందుకే చాలామంది టెక్కలి మీదుగా శ్రీకాకుళం వెళ్తారు, ఇంకా సీరియస్ అయితే వైజాగ్ కేజీహెచ్. కాశీనగర్, గుణుపురం వాళ్ళదీ ఇదే వరస. అంటే పొట్ట కోసే డాక్టరు ఒక రాష్ట్రంలో, ఆ పొట్టతో బతకాల్సిన మనిషి ఇంకో రాష్ట్రంలో. కుట్లు విప్పేది ఎవరు, చీము పడితే చూసేది ఎవరు, మాత్రలు మార్చేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి నాకు ఇంతవరకూ ఎవరూ కనిపించలేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2013 నుంచి ఇలాంటి అత్యవసర పొట్ట ఆపరేషన్లను ఒక్కొక్కటీ లెక్క రాస్తున్నారు, ఎంతసేపట్లో స్కాన్ చేశారు, సీనియర్ డాక్టరు ఉన్నాడా, తర్వాత ఐసీయూలో పెట్టారా, పెద్ద వయసు వాళ్ళయితే వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరు వచ్చి చూశాడా, అన్నీ. బ్రిటన్‌లోనే 65 దాటిన 937 మందిని విడిగా గమనించిన ఒక అధ్యయనం ఉంది. అందులో 90 రోజుల్లోపు పోయినవాళ్ళు దాదాపు ఐదుగురిలో ఒకరు. అన్ని వసతులూ ఉన్న దేశంలో సంగతి అది. నాకు అందులో ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి, వయసు లెక్క పక్కన పెట్టి చూసినా, ఆపరేషన్‌కు ముందే నీరసించి ఇంటి పనులకు ఇంకొకరి మీద ఆధారపడే స్థితిలో ఉన్నవాళ్ళకే ప్రాణాపాయం చాలా రెట్లు ఎక్కువగా కనబడింది.

మన ఇళ్ళల్లో దీన్ని తిరగేసి చూస్తాం. "ఎనభై వచ్చాయి కదా, ఇప్పుడు కోయించడం ఎందుకు" అని ఒక అన్న, "ఎంత ఖర్చయినా సరే, అన్నీ చేయించండి" అని బెంగళూరు నుంచి ఇంకో తమ్ముడు. ఇద్దరూ వయసు దగ్గరే ఆగిపోతారు. పోయిన నెల ఈ మనిషి ఒంటరిగా సంతకు వెళ్ళి వచ్చిందా, స్నానం తనంతట తాను చేసిందా, మెట్లు ఎక్కిందా, ఎంత బరువు తగ్గింది, మతిమరుపు ఉందా, ఇవి డాక్టరుకు చెప్పండి. ఎనభై రెండేళ్ళకు పొలం గట్టు మీద నడిచే తాత తట్టుకోవచ్చు, అరవై ఎనిమిదికే మంచం దిగని మనిషి తట్టుకోకపోవచ్చు. ఆపరేషన్ వద్దనుకోవడం కూడా ఒక్కోసారి సరైన నిర్ణయమే, నొప్పి తెలియకుండా చూసుకోమని అడగడం పాపమేమీ కాదు, కానీ ఆ మాట పేషెంటుకు తెలివి ఉండగా ఆమెనే అడగాలి. కారిడార్‌లో కొడుకులు గుసగుసలాడుకుని తేల్చేది కాదు అది.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. కాశీనగర్ దగ్గర పల్లె, డెబ్బై దాటింది, అల్సర్‌కు చిల్లు పడింది. సరిహద్దుకు అవతల ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, బాగా చేశారు, అందులో మాటే లేదు. మూడో రోజో నాలుగో రోజో రాత్రి ఆమె ముక్కులో గొట్టం పీకేసుకుంది. చనిపోయిన మా పెదనాన్నతో మాట్లాడడం మొదలుపెట్టింది, గోడ మీద చీమలు పాకుతున్నాయని దులిపేస్తోంది, మా అన్నయ్యను పట్టుకుని "నువ్వెవడివిరా" అంది. వార్డులో నర్సులు చేతులు మంచానికి కట్టేశారు. ఊళ్ళో వాళ్ళయితే గాలి సోకిందని తేల్చేసి, పర్లాకిమిడి నుంచి ఒకాయన్ని తీసుకొచ్చే ఏర్పాటు కూడా చేశారు.

దానికి వైద్యంలో డెలీరియం అంటారు. పిచ్చి కాదు, దెయ్యం అంతకన్నా కాదు. పెద్ద ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ళకు తరచుగా వచ్చేదే, పగలు తగ్గి రాత్రి పెరుగుతుంది. దాని వెనక ఏదో ఒక కారణం ఉంటుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం, నొప్పి, నిద్రమాత్రలు, రోజూ తాగే కల్లో సారానో ఒక్కసారిగా ఆగిపోవడం. కారణం దొరికితే చాలావరకు తగ్గుతుంది. పెద్దమ్మకు యూరిన్ పైపు మూసుకుపోయి మూత్రాశయం నిండిపోయింది, దాన్ని గమనించిన డ్యూటీ డాక్టరుకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. పైపు మార్చాక తెల్లారేసరికి సగం నెమ్మదించింది. ఇంకో రకం డెలీరియం ఉంది, అది ఇంకా ప్రమాదం. అరవరు, పీకరు, మగతగా పడి ఉంటారు, పిలిస్తే ఊఁ అంటారు. "పాపం నిద్రపోతోంది, లేపకండి" అంటారు అందరూ. లేపాలి. లేపి, తెలివిలో ఉందో లేదో చూసి, డాక్టరును పిలవాలి.

ఇందులో ఇంట్లో వాళ్ళు చేయగలిగింది చాలా ఉంది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. కళ్ళజోడు పెట్టండి, కట్టుడు పళ్ళు ఇవ్వండి, చెవి మిషను ఉంటే తగిలించండి. ఇవన్నీ ఆపరేషన్ రోజు తీసి బీరువాలో దాచేస్తారు, తర్వాత ఎవరికీ గుర్తుండదు, ఆ మనిషికేమో ఎదురుగా ఉన్నది మసక, వినిపించేది గొణుగుడు, ఇక మతి ఎలా నిలుస్తుంది? పగలు కిటికీ పక్కన కూర్చోబెట్టండి, రాత్రి లైటు తగ్గించమనండి, ఏ ఊళ్ళో ఉన్నావో ఏ వారమో చెబుతూ ఉండండి. తెలిసిన గొంతు ఒకటి పక్కన ఉండాలి. బరంపురం వార్డులో నర్సమ్మలు ఎంత మంచివాళ్ళయినా ఒడియాలో మాట్లాడతారు, మా పల్లెల ముసలమ్మలకు తెలుగు తప్ప రాదు, కొండల్లో సవర గిరిజనులకైతే తెలుగూ సగమే వచ్చు. నొప్పి ఎక్కడ అంటే కూడా అర్థం కాని మనిషిని పట్టుకుని మతి ఉందో లేదో ఎలా తేలుస్తారు? అందుకని అటెండర్‌గా ఎవరినో ఒకరిని కాదు, ఆమె మాట తెలిసిన మనిషినే పంపండి.

రెండోది ఊపిరి. పొట్ట మధ్యలో పై నుంచి కింది దాకా కోసి కుట్టాక గట్టిగా ఊపిరి పీల్చాలంటే నొప్పి, దగ్గాలంటే భయం. పీల్చరు, దగ్గరు, కళ్ళె లోపలే పేరుకుపోతుంది, నాలుగు రోజులకు నిమోనియా. చాలామంది ఆపరేషన్ ఫెయిలయి పోయారనుకుంటాం గానీ కుట్లు బాగానే ఉంటాయి, ఛాతీ పోతుంది. మూడు బంతులు ఉండే చిన్న ప్లాస్టిక్ స్పైరోమీటరు అన్ని మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, కొందరు కొంటారు, సగం మంది ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. నెమ్మదిగా పీల్చి బంతుల్ని లేపి కాసేపు నిలపాలి, మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకూ. దగ్గేటప్పుడు ఒక దిండు పొట్టకు గట్టిగా అదిమి పట్టుకుని దగ్గితే నొప్పి తగ్గుతుంది. నొప్పికి మందు సరిపోకపోతే అడగండి, ఓర్చుకోవడం గొప్పేమీ కాదు, ఓర్చుకునే మనిషి పీల్చదు, నడవదు.

నడక. "కుట్లు ఊడిపోతాయి, కదలకు" అనే మాట వార్డు బయట కూర్చున్న ప్రతి చుట్టమూ అంటాడు. పెద్దాపరేషన్ అయితే పదిహేను రోజులు పడుకోవాలి అన్నది మన తాతల నాటి లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పరీక్ష కోసం 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్ళ నుంచి దాదాపు కిలో కండ కరిగిపోయింది. ఇక జ్వరం పడి, తిండి లేక, పొట్ట కోయించుకున్న మనిషి సంగతి చెప్పాలా? డాక్టరు సరే అంటే ఆపరేషన్ మర్నాటి నుంచే మంచం మీద కూర్చోబెట్టాలి, తర్వాత కుర్చీలో, తర్వాత ఇద్దరు పట్టుకుని బాత్రూం దాకా. కదలని కాళ్ళల్లో రక్తం గడ్డ కట్టి అది ఊపిరితిత్తులకు ఎగదన్నితే మాట్లాడుతూ మాట్లాడుతూనే పోతారు. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, ఆలోచించకుండా పరుగెత్తాల్సిందే.

ఇప్పుడు పథ్యం. ఎడిటర్ గారూ, దీని మీద మీరు ఒక పేజీ వేసినా నాకు తృప్తి తీరదు. పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు తింటే వేడి. చేప తింటే దురద. పెరుగు తింటే జలుబు. వంకాయ అసలే వద్దు. మిగిలింది ఏమిటి? బ్రెడ్డు, గంజి, చారన్నం, అదీ నెలా రెండు నెలలు. చీము పడేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు, జబ్బున పడ్డ పెద్దవాళ్ళకు బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు, ఇక చారన్నంలో ఎంత ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. పేగు ఇంకా కదలని మొదటి రోజుల్లో డాక్టరు నోటికి ఏమీ ఇవ్వొద్దంటే ఇవ్వకండి, కడుపు ఉబ్బి వాంతి వస్తుంటే బలవంతంగా తాగించకండి, అది వేరే సంగతి. తినొచ్చు అన్నాక మాత్రం కొంచెం కొంచెంగా ఐదారుసార్లు, మెత్తగా ఉడికిన పప్పన్నం, గుడ్డు, పెరుగు, చేప, పాలు పోసిన చోడి (రాగి) అంబలి, ఏది సయిస్తే అది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టరునే అడగాలి. మా పెద్దమ్మకు కోడిగుడ్డు పెట్టినందుకు మా వదినకు ఇప్పటికీ ఊళ్ళో పేరుంది, మంచి పేరు కాదు.

డిశ్చార్జి రోజు అందరూ సంబరంగా ఉంటారు, అదే అసలు ప్రమాదం మొదలయ్యే రోజు. చేతిలో ఒక కాగితం పెడతారు, మొత్తం ఇంగ్లీషు, సగం షార్ట్‌కట్ అక్షరాలు. ఆ కాగితం పట్టుకుని అందరూ మా షాపుకే వస్తారు, "ఇందులో ఏం రాశారు బాబూ" అని. బీపీ మాత్ర మళ్ళీ మొదలుపెట్టాలా, ఆపిన రక్తం పలచబడే మాత్ర ఎప్పటి నుంచి, అల్సర్ క్రిమికి ఇచ్చిన కోర్సు పూర్తిగా వాడాలా, ఇవేవీ వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. ఒక పెద్దాయన అయితే చిల్లు పడి ఆపరేషన్ అయిన నెలకే మోకాలికి మళ్ళీ అదే నొప్పి మాత్ర కోసం వచ్చాడు. ఆయనకు పాపం తెలీదు, ఆ మాత్ర వల్లే ఇదంతా అయి ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక భయపడాల్సినవి కొన్నే. ఆపరేషన్ అయిన ఐదు నుంచి పది రోజుల మధ్య కుట్ల నుంచి ఉన్నట్టుండి గులాబీ రంగు నీరు బట్ట తడిసేలా కారితే లోపలి పొర విడిపోతోందని అర్థం. పేగు బయటికి కనబడితే లోపలికి నెట్టకండి, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, నోటికి ఏమీ ఇవ్వకుండా, పడుకోబెట్టే తీసుకెళ్ళండి. పేగును కలిపి కుట్టిన చోట లీక్ అయితే మళ్ళీ నొప్పి, కడుపుబ్బరం, జ్వరం, గుండెదడ, మనిషి మసకబారిపోవడం. ఇది కూడా మొదటి వారం పది రోజుల్లోనే ఎక్కువ. అందుకే "నెల తర్వాత చెకప్‌కు వస్తే చాలు" అన్న మాట నాకు ఎప్పుడూ అర్థం కాదు, ప్రమాదమంతా ఆ నెలలోపే కదా. కొన్ని నెలలు బిందెలు మోయొద్దు, బస్తాలు ఎత్తొద్దు, లేదంటే కోసిన చోటే హెర్నియా రావచ్చు.

పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, మలం పట్టడానికి సంచి పెట్టిన వాళ్ళ గురించి కూడా రాయాలి. మా వీధిలో ఒకాయన కొలాస్టమీ అయ్యాక ఇంట్లోంచి బయటికే రాలేదు. వాసన వస్తుందేమోనని సిగ్గు, గుడికి వెళ్ళడం మానేశాడు, మనవరాలి పెళ్ళిచూపులకు కూడా లోపలి గదిలోనే ఉన్నాడు. మా దగ్గర ఆ సంచులు ఆర్డర్ పెట్టి తెప్పించాలి, అందాకా కొందరు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని చర్మం అంతా పుండు చేసుకుంటారు. సంచి కింద చర్మానికి అంటించే ప్లేటుకు రంధ్రం పేగు నోటికి సరిగ్గా సరిపోయేలా కోసుకోవాలి, వదులైతే మలం చర్మాన్ని కాల్చేస్తుంది. పేగు నోరు ఎర్రగా తడిగా ఉండాలి, నల్లబడితే వెంటనే ఆస్పత్రి. చిన్నపేగు సంచి అయితే నీళ్ళలా ఎక్కువగా పోయి కిడ్నీలు దెబ్బతినొచ్చు, అలా పోతుంటే ఓఆర్‌ఎస్ తాగుతూ డాక్టరుకు ఫోన్ చేయాలి. చాలామందికి ఆ సంచి కొన్ని నెలలకు తీసేసి పేగు మళ్ళీ కలపొచ్చు, ఆ మాట ఆయనకు చెప్పి ఉంటే కొంచెమైనా ధైర్యంగా ఉండేవాడు.

డబ్బు సంగతి. కేంద్రం 2024 అక్టోబర్ 29 నుంచి 70 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఖర్చుకు. ఒడిశా 2025లో ఆ ఆయుష్మాన్ భారత్ పథకంలో చేరింది కాబట్టి పథకంలో ఉన్న ఆస్పత్రి ఏ రాష్ట్రంలోదైనా కార్డు పనిచేయాలి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల దాకా మందులు, పరీక్షలు కూడా ఆ ప్యాకేజీలోకే వస్తాయి. నా కౌంటర్ దగ్గర జేబులోంచి నోట్లు తీసి ఆ మందులే కొనే పెద్దవాళ్ళను రోజూ చూస్తాను, ఆస్పత్రిలో అడిగారా అంటే "అడగాలా?" అంటారు. నా వ్యాపారం నేనే పాడుచేసుకుంటున్నానని మా ఆవిడ అంటుంది, అననివ్వండి.

మా పెద్దమ్మ కుట్లు విప్పించడానికి ఇక్కడి ఒక ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్తే, ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి అన్నారు. అక్కడికి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడైనా విప్పించుకోండి అన్నారు. ఆఖరికి ఒక రిటైర్డ్ నర్సమ్మ ఇంటికి వచ్చి విప్పింది. కుట్లు విప్పడం అనేది ఏ డాక్టరైనా, ఏ నర్సయినా చేసే పని, దానికి రాష్ట్రం అడ్డమా?

వృద్ధుల ఆరోగ్యం కోసం జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. జిల్లా ఆస్పత్రిలో వృద్ధులకు 10 పడకల వార్డు, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో వారంలో కొన్ని రోజులు వాళ్ళకోసం క్లినిక్, ఫిజియోథెరపీ, అన్నీ కాగితం మీద ఉన్నాయి. కొత్త పథకం ఏదీ నేను అడగడం లేదు. ఆపరేషన్ ఎక్కడ జరిగినా సరే, పెద్ద వయసు మనిషి పొట్ట మీద కుట్లతో వస్తే ఆ క్లినిక్‌లో చూడాలి, డ్రెస్సింగ్ చేయాలి, అవసరమైతే ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఫోన్ చేసి మాట్లాడాలి. డిశ్చార్జి కాగితం వెనక ఒక పక్క తెలుగులో, ఒక పక్క ఒడియాలో పది వాక్యాలు ముద్రించాలి, ఏం తినాలి, ఎంత నడవాలి, ఏం కనబడితే పరుగెత్తాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. శ్రీకాకుళం, గజపతి, రాయగడ జిల్లాల వైద్యాధికారులు ఒక్కసారి ఒకచోట కూర్చుంటే తేలిపోయే పని ఇది, పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మీకు నా విన్నపం చిన్నది. ఈసారి అరుదైన శస్త్రచికిత్స వార్త వచ్చినప్పుడు మీ విలేకరిని రెండు నెలల తర్వాత మళ్ళీ ఆ ఇంటికి పంపండి. మనిషి ఎలా ఉంది, ఏం తింటోంది, ఎవరు చూస్తున్నారు, ఎంత ఖర్చయింది, అది కూడా ఫొటోతో వేయండి. సర్జన్లతోనో ఫిజియోథెరపిస్టులతోనో ఆ పది వాక్యాలు రాయించి మీ ఆరోగ్యం పేజీలో అచ్చేస్తే, కటింగ్ తీసి మా కౌంటర్ అద్దానికి అంటిస్తాను, దాన్ని ఒడియాలోకి మార్పించి పక్కన పెట్టే ఖర్చు నాది.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా